ఓటీటీ బిల్లు ఏడాదికి పది వేలకు చేరింది, జనం మళ్లీ పైరసీ వైపు చూస్తున్నారు. ఎక్కడ తగ్గించొచ్చు?

#1 బ్రాడీపేట_లెక్కలు (గుంటూరు)

రేట్లు పెరిగాయని అందరూ గోల పెట్టడమే గానీ కాగితం మీద లెక్క వేసేవాళ్లు లేరు. 2025 ధరలతో వేద్దాం. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ నెలకు 499, ఏడాదికి 5,988. ప్రైమ్ ఏడాదికి 1,499. ప్రకటనలు వద్దనుకుంటే దాని మీద ఇంకో 699. జియోహాట్‌స్టార్ ప్రీమియం 1,499. మొత్తం 9,685. ఇందులో ఆహా లేదు, ఈటీవీ విన్ లేదు, జీ5, సోనీలివ్, సన్ నెక్స్ట్ ఏవీ లేవు.

నెట్ బిల్లు వేరే. ప్లాన్ 999 అని బోర్డు మీద ఉంటుంది. 18 శాతం జీఎస్టీ కలిపాక చేతి నుంచి పోయేది 1,178.82.

ఇంత కట్టినా ఏ తెలుగు సినిమా ఎందులో వస్తుందో తెలియాలంటే హాల్లో టైటిల్స్ పడేటప్పుడు డిజిటల్ పార్ట్‌నర్ లోగో పట్టుకోవాలి. ఆ లోగో పడి పోయేదాకా కన్నార్పకూడదు. పద్ధతిగా కోత పెట్టే దారులు తెలిసినవాళ్లు చెప్పండి. "అన్నీ మానేయండి" లాంటి సలహాలు వద్దు.

#2 సింగ్‌నగర్_సినీ

అందుకే కదా బ్రదర్ జనం ఐబొమ్మ చూసింది. ఒక్కచోట అన్నీ దొరికేవి, రూపాయి ఖర్చు లేదు. ఎనిమిది యాప్‌లకు విడగొట్టిన వాళ్లదే తప్పు.

#3 గాంధీనగర్_రీల్ (విజయవాడ)

విడగొట్టారన్న మాట నిజమే. అన్నీ పెరిగాయన్నది మాత్రం కాదు. నెట్‌ఫ్లిక్స్ మన దగ్గర 2021 డిసెంబరులో తగ్గించింది. మొబైల్ ప్లాన్ 199 నుంచి 149కి, బేసిక్ 499 నుంచి 199కి, స్టాండర్డ్ 649 నుంచి 499కి, ప్రీమియం 799 నుంచి 649కి దిగాయి. సరిగ్గా అదే నెలలో ప్రైమ్ 999 నుంచి 1,499కి ఎక్కింది. 2016లో మొదలైనప్పుడు అది 499.

జనానికి మంట పుట్టించింది ధర ఒక్కటే కాదు, అదే డబ్బుకు సరుకు తగ్గించడం. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ 17 నుంచి ప్రకటనలు పెట్టారు. పాత చందాకే ప్రకటనలు, అవి తీయించుకోవడానికి మళ్లీ చందా. ఐపీఎల్‌నే తీసుకోండి. 2023, 2024 సీజన్లు జియోసినిమాలో ఉచితంగా చూపించారు. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసిపోయాయి. ఆ సీజన్‌లో కొన్ని నిమిషాలు చూశాక డబ్బు కట్టమన్నారు. పోటీ ఉన్నన్నాళ్లు ఉచితం, పోటీదారు తనలో కలిసిపోయాక బిల్లు. కేబుల్ వ్యాపారం చూసినవాళ్లకు ఈ వరస కొత్తేం కాదు.

#4 లక్ష్మీపురం_లలిత (గుంటూరు)

లెక్క వేసినాయన్ని అడుగుతున్నానండీ. అన్నీ ఏడాది పొడుగునా ఉంచుకోవాల్సిన పనేముంది? వంతులవారీగా తీసుకుంటే ఎంత పడుతుంది? నెలవారీ తీసుకుంటే ఎక్కువ పడుతుందని అందరూ వార్షికం వైపే తోస్తుంటారు.

#5 బ్రాడీపేట_లెక్కలు

లలిత గారూ, అసలు పాయింట్ పట్టుకున్నారు. ప్రైమ్ నెలకు 299. ఐదు నెలలు కడితే 1,495. అంటే ఏడాదిలో ఐదు నెలలు, అంతకంటే తక్కువ చూసేవాళ్లకు వార్షికం దండగ. ఆరో నెల నుంచే వార్షికం గిట్టుబాటు. అమెజాన్ నుంచి వస్తువులు తెప్పించుకునేవాళ్ల లెక్క వేరనుకోండి. నెట్‌ఫ్లిక్స్‌కు వార్షిక ప్లానే లేదు, కాబట్టి ఆపినా నష్టం సున్నా. జియోహాట్‌స్టార్ ప్రీమియం మొదలైనప్పుడు మూడు నెలలకు 499.

ఇప్పుడు వంతులు వేయండి. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ నాలుగు నెలలు 1,996. ప్రైమ్ మూడు నెలలు 897. హాట్‌స్టార్ ఒక మూణ్నెల్లు, క్రికెట్ ఉన్నప్పుడు, 499. మొత్తం 3,392. పైన 9,685 అన్నచోట ఇది మూడో వంతు పైచిలుకు. మిగిలిన రెండు నెలలు ఆహాకో ఈటీవీ విన్‌కో ఇచ్చుకోవచ్చు.

ఇది నడవాలంటే ఒక్కటే నియమం. డబ్బు కట్టిన రోజునే క్యాన్సిల్ నొక్కేయాలి. నెల పూర్తయ్యేదాకా బొమ్మ ఆగదు. "నెలాఖరున చేద్దాంలే" అనుకుంటే రెండో నెల కోత పడ్డాకే గుర్తొస్తుంది. మధ్యలో ఆపితే మిగిలిన రోజులకు వాపసు ఇస్తారేమో అని ఎదురు చూడొద్దు, ఇవ్వరు. నెట్‌ఫ్లిక్స్‌లో మీ ప్రొఫైళ్లు, చూసిన చరిత్ర పది నెలల పాటు భద్రంగా ఉంటాయి. అది పోతుందన్న భయంతో కొనసాగించక్కర్లేదు.

#6 కేబుల్_బాబాయ్ (వన్‌టౌన్)

క్యాన్సిల్ నొక్కడం అన్నంత తేలిక కాదు అబ్బాయ్. సగం మంది యాప్ తీసేసి చందా ఆగిపోయిందనుకుంటారు.

#7 బ్రాడీపేట_లెక్కలు

అవును, అది విడిగా చెప్పాలి. చందా ఏ దారిన కట్టారో ఆ దారినే ఆపాలి.

ప్లే స్టోర్ ద్వారా కడితే: ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తుంది. నేరుగా వెబ్‌సైట్‌లో కడితే ఆ సైట్‌లో అకౌంట్ పేజీ. ఫోన్ రీచార్జ్‌తోనో నెట్ ప్లాన్‌తోనో వచ్చిందైతే యాప్‌లో క్యాన్సిల్ బటనే ఉండదు, ప్లాన్ మార్చాల్సిందే.

ఆ తర్వాత యూపీఐ. ఫోన్‌పే, గూగుల్ పే రెండింట్లోనూ ప్రొఫైల్‌లోకి వెళ్తే ఆటోపే అని ఉంటుంది. అక్కడ పాజ్, రివోక్ రెండూ కనిపిస్తే రివోక్ నొక్కండి. పాజ్ అంటే తాత్కాలికం. ఒక యాప్‌లో పెట్టిన మ్యాండేట్ (కోతకు మీరిచ్చిన అనుమతి) రెండో యాప్‌లో కనిపించకపోవచ్చు, కాబట్టి ఫోన్‌లో ఉన్న అన్ని యూపీఐ యాప్‌లూ తెరిచి చూడండి.

అసలు మోసం రూపాయి ట్రయల్‌లో ఉంది. "మూడు రోజులు ఒక్క రూపాయికే" అంటారు. పిన్ కొట్టే ముందు వచ్చే తెరను నిదానంగా చదవండి. కోత పడేది రూపాయే. కింద చిన్న అక్షరాల్లో గరిష్ఠ మొత్తం అని వందల్లోనో వేలల్లోనో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ దగ్గర "యాజ్ ప్రెజెంటెడ్" అని ఉంటే నెలకోసారి అన్న కట్టు కూడా లేదు, వాళ్లు అడిగినప్పుడల్లా పోతుంది. మీరు కొట్టిన పిన్ రూపాయికి కాదు, ఆ గరిష్ఠ మొత్తానికి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 15,000 లోపు ఇలాంటి కోతలకు మళ్లీ పిన్ అడగక్కర్లేదు. 24 గంటల ముందు మెసేజ్ మాత్రం పంపాలి. ఆ మెసేజ్ ప్రకటనల గుంపులో కలిసిపోతుంది. బ్యాంకు మెసేజ్‌లను మ్యూట్ చేసినవాళ్లకు అది కనిపించనే కనిపించదు.

#8 లాపాయింట్_అరండల్‌పేట

దీనికి చట్టం కూడా ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను (కొనేవాణ్ని బోల్తా కొట్టించే యాప్, వెబ్ ఎత్తుల్ని) నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చేరడం తేలిక, బయటపడటం కష్టం అయ్యేలా పెట్టే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అందులో ఒకటి. ముందు కంపెనీకి మెయిల్, తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే విజయవాడ, గుంటూరు రెండుచోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. క్యాన్సిల్ పేజీ స్క్రీన్‌షాట్లు, మ్యాండేట్ యూఎమ్ఎన్ నంబరు, కోత పడిన మెసేజ్ ఈ మూడూ జతచేయండి. యూఎమ్ఎన్ లేకుండా బ్యాంకు దగ్గరికి వెళ్తే తిప్పి పంపొచ్చు.

#9 సింగ్‌నగర్_సినీ

మూడొందల కోసం కమిషన్‌కి ఎక్కేదెవరు గురూ! హాలుకి వెళ్దామన్నా అంతే. మల్టీప్లెక్స్‌లో నలుగురికి టికెట్లే ఏడొందలు. పాప్‌కార్న్ సంగతి సరేసరి. కొత్త సైట్ లింకు ఇస్తున్నా, కావాల్సినవాళ్లు తీస్కోండి: [లింకు తొలగించబడింది]

#10 మోడరేటర్

లింకు తీసేశాం. పైరసీ గురించి చర్చించుకోవచ్చు. సైట్లు, గ్రూపులు, ఏపీకేలు (ప్లే స్టోర్ బయట తిరిగే యాప్ ఫైళ్లు) పంచితే ఖాతా మూస్తాం. రెండోసారి చెప్పం.

#11 గాంధీనగర్_రీల్

ఏడొందలన్నది సరైన లెక్కే. 2022 మార్చి జీవో ప్రకారం కార్పొరేషన్ పరిధిలో మల్టీప్లెక్స్ మామూలు సీటు 150. 18 శాతం జీఎస్టీతో 177, నలుగురికి 708. కానీ అదే జీవోలో ఏసీ సింగిల్ స్క్రీన్ 70, 100 కూడా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద, ఆ లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతమే. అంటే వంద టికెట్ 105. నలుగురికి 420. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక జీవోలతో రేటు పెరుగుతుంది గాబట్టి ఈ లెక్క రెండో వారానికి.

పైరసీకి ఊపిరి పోసింది హాలుకీ ఓటీటీకీ మధ్య గ్యాప్ తగ్గడం కూడా. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ కూర్చున్నప్పుడు నిర్మాతలు అన్నది ఎనిమిది వారాలు. నడిచింది నాలుగు వారాలు. "నెలాగితే ఇంట్లోనే" అని ప్రేక్షకుడికి అలవాటు చేసింది వాళ్లే. ఓటీటీలోకి వచ్చిన గంటల్లోనే అసలు ప్రింట్ లాంటి కాపీ బయటికి పోతుంది. ఒకప్పుడు హాల్లో కెమెరా పెట్టి తీసినదాంట్లో తలకాయలు అడ్డొచ్చేవి, ఈలలు వినిపించేవి. ఇప్పుడా తేడా లేదు. అదే ప్రమాదం.

#12 లాపాయింట్_అరండల్‌పేట

చూసేవాడిని ఎవరూ ఏమీ చేయరన్న ధీమా కొంతమందిలో ఉంది. విడివిడిగా చూద్దాం. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో వచ్చిన సవరణలో 6ఏఏ హాల్లో రికార్డింగ్‌ని, 6ఏబీ దొంగ కాపీని లాభం కోసం జనానికి ప్రదర్శించడాన్ని నిషేధిస్తాయి. శిక్ష మూడు నెలల నుంచి మూడేళ్లు. జరిమానా 3 లక్షలకు తగ్గదు, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. రాత్రి హైదరాబాద్ బస్సులో ప్రయాణికులకు దొంగ ప్రింట్ వేసే డ్రైవర్, లోకల్ ఛానల్లో నడిపే కేబుల్ ఆపరేటర్ దీని కిందికి రావొచ్చు. తెలిసి కాపీ చేసి పంచేవాడికి 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ఉంది. ఆరు నెలల నుంచి మూడేళ్లు. వాట్సాప్ గ్రూపులో ఫైలు ఫార్వర్డ్ చేయడం పంచడమే అవుతుంది.

2013లో ఒక పెద్ద సినిమా విడుదల కాకముందే బయటికొచ్చిన కేసులో పోలీసులు వచ్చి ఆగింది మన కృష్ణా జిల్లా పెడనలో. 2025 నవంబరులో ఐబొమ్మ నిర్వాహకుణ్ని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకున్నారు.

#13 సింగ్‌నగర్_సినీ

ఒకటి మూస్తే పది పుడతాయి. ఇండస్ట్రీకి వేల కోట్లు నష్టం అంటారు. ఫ్రీ కాబట్టి చూసినవాడు డబ్బులిచ్చి చూసేవాడేనా? ఆ లెక్క ఎలా వేస్తారు?

#14 గాంధీనగర్_రీల్

మంచి ప్రశ్న. కన్సల్టింగ్ సంస్థ ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో 2023కి పైరసీ సొమ్ము 22,400 కోట్లు అన్నారు. అందులో 13,700 కోట్లు హాళ్లలో తీసిన కాపీలవి, 8,700 కోట్లు ఓటీటీవి. అదంతా నిర్మాత జేబులోకి వచ్చి ఉండేదనడానికి లేదు, ఆ మేరకు మీతో ఏకీభవిస్తా. కానీ ఫ్రీ అన్నమాట తప్పు. ఆ సైట్లు బతికేది బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల మీద. సినిమా మధ్యలో మూల నుంచి పాకుతూ వచ్చే ఆ లోగో ఎవరిదో చూడండి. చూసేవాడు డబ్బివ్వకపోతే వాణ్నే అమ్ముకుంటారు.

#15 పిక్సెల్_పటమట (విజయవాడ)

నేను చట్టం జోలికి పోను, ఫోన్ సంగతి చెప్తా. సైట్‌లో చూడటం ఒక ఎత్తు, టెలిగ్రామ్‌లో వచ్చే "ప్రీమియం అన్‌లాక్డ్" ఏపీకే ఇంకో ఎత్తు. వీడియో యాప్‌కి నెట్ చాలు, స్టోరేజ్ చాలు. అది ఎస్ఎంఎస్ అడిగితే ఓటీపీ కోసం. నోటిఫికేషన్ యాక్సెస్ అడిగినా అందుకే. యాక్సెసిబిలిటీ అడిగితే తెర మీద మీరు నొక్కేదంతా చూస్తుంది, మీ బదులు తనే నొక్కుతుంది కూడా. "డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్" ఇస్తే బ్యాంకు యాప్ మీద దొంగ తెర పరుస్తుంది.

వేసేసి ఉంటే వరుస ఇది. ముందు ఏరోప్లేన్ మోడ్, వైఫై కూడా ఆపండి. ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేయండి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ వెతికి దాని పక్కన టిక్ తీయండి. ఈ మెట్టు వదిలేస్తే అన్‌ఇన్‌స్టాల్ బటన్ బూడిద రంగులో ఉండి నొక్కుకోదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తర్వాత యాక్సెసిబిలిటీలో ఆపి, యాప్ తీసేసి, ప్లే ప్రొటెక్ట్ స్కాన్ నడపండి. పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి, అదే ఫోన్ నుంచి మారిస్తే కొత్తవి కూడా పోతాయి. కాల్స్ ఎక్కడికైనా మళ్లించారేమో *#21# కొట్టి చూడండి, మళ్లించి ఉంటే ##002#. డబ్బు కదిలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, ఆ తర్వాత బ్యాంకు. మీ పొరపాటు లేకుండా మూడో వ్యక్తి వల్ల పోయిన సొమ్ము మూడు పనిదినాల్లో చెప్తే ఖాతాదారుడికి బాధ్యత ఉండదని రిజర్వ్ బ్యాంకు 2017 నియమం. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయింది మీదే.

#16 లక్ష్మీపురం_లలిత

మరి "ఒక్కసారి కొంటే జీవితాంతం అన్ని ఛానళ్లూ" అని అమ్మే బాక్సులు? రెండు మూడు వేలకు ఇస్తున్నారు.

#17 పిక్సెల్_పటమట

వద్దండీ. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే వైరస్ గురించి హెచ్చరించింది ఇలాంటి చవక ఆండ్రాయిడ్ బాక్సుల గురించే. కొన్నింట్లో వైరస్ ఫ్యాక్టరీలోనే ఎక్కించి వస్తుంది. మన ఇంటి నెట్ మీదుగా ఎవరో ఏదో చేస్తారు, ఐపీ అడ్రస్ మనది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు.

ఇంకో సంగతి అమ్మేవాడు చెప్పడు. వాటికి వైడ్‌వైన్ ఎల్1 (వీడియో కాపీ కాకుండా కాపాడే తాళంలో పై స్థాయి) సాధారణంగా ఉండదు, కింది స్థాయి ఎల్3 ఉంటుంది. అంటే బాక్సు మీద 4కే అని రాసి ఉన్నా, మీరు న్యాయంగా డబ్బు కట్టిన ఓటీటీ కూడా 480 దగ్గరే ఆగిపోయి మసక మసకగా వస్తుంది. జనం నెట్ స్లో అనుకుని ప్లాన్ పెంచుతారు. కొనే ముందు షాపులోనే డీఆర్ఎమ్ ఇన్ఫో యాప్ వేసి సెక్యూరిటీ లెవెల్ ఎల్1 అని ఉందో లేదో చూడండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద "డివైస్ ఈజ్ సర్టిఫైడ్" అని కూడా ఉండాలి. షాపువాడు చూపించనంటే పక్క షాపుకి వెళ్లండి, గవర్నర్‌పేటలో షాపులకేం కరువు?

4కే కోసం 649 కట్టేవాళ్లు కూడా ఒకటి సరిచూసుకోండి. టీవీ 4కే కాకపోతే ఆ ప్లాన్ దండగ. నెట్‌ఫ్లిక్స్ 4కే కి అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. చాలా ఇళ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా ఆగి ఆగి వస్తోందంటే లోపం ప్లాన్‌లో లేదు, రూటర్‌కీ టీవీకీ మధ్య రెండు గోడలున్నాయి. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ నిండా పక్కింటి వైఫైలే. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, వీలైతే లాన్ వైరు లాగండి.

#18 కేబుల్_బాబాయ్

అసలు డబ్బు కట్టకుండా న్యాయంగా చూసేది చాలా ఉంది, ఎవరూ చెప్పరు. పాత తెలుగు సినిమాలు వందలు హక్కులున్న కంపెనీలే యూట్యూబ్‌లో పెట్టాయి. ప్రసార భారతి వేవ్స్ యాప్ 2024 నవంబరులో వచ్చింది. డీడీ ఫ్రీ డిష్‌కి డిష్షు, బాక్సు ఖర్చు ఒక్కసారే, నెల చందా లేదు, మన సప్తగిరి అందులో ఉంటుంది. ఏడాదికి ఒక్క సినిమా కోసం ఒక యాప్ తీసుకునేవాళ్లు యూట్యూబ్‌లో అద్దెకు ఉందేమో చూడండి. కట్టాక 30 రోజుల్లో ఎప్పుడైనా మొదలెట్టొచ్చు, మొదలెట్టాక 48 గంటలు. మా కాలపు వీడియో క్యాసెట్ అద్దెలాంటిదే, రివైండ్ చేసి ఇవ్వక్కర్లేదు.

#19 వడ్డేశ్వరం_హాస్టల్

అన్నా, ఇంట్లో నెట్‌ఫ్లిక్స్ ఉంది, నేను హాస్టల్లో వాడితే ఈ ఇంటివాళ్లు కాదు అంటోంది. డబ్బు కట్టి ఇంకో మెంబర్‌ని పెట్టుకునే వీలుందా?

#20 పిక్సెల్_పటమట

మన దేశంలో లేదు తమ్ముడూ. 2023 జూలైలో ఇక్కడ పాస్‌వర్డ్ పంచుకోవడం ఆపినప్పుడు అదనపు మెంబర్ సౌకర్యం ఇవ్వలేదు, ధరలు అప్పటికే తగ్గించామన్నారు. నువ్వు ఫోన్‌లోనే చూస్తావు కాబట్టి 149 మొబైల్ ప్లాన్ విడిగా, అదీ సెలవుల్లో ఆపేసి. ప్రైమ్‌కి ఈ గొడవ లేదు కానీ 2025 జనవరి నుంచి ఐదు పరికరాలే, అందులో టీవీలు రెండే. ఆరోది ఎక్కట్లేదంటే అకౌంట్‌లో మేనేజ్ డివైసెస్‌కి వెళ్లి పాత ఫోన్ తీసెయ్.

#21 వడ్డేశ్వరం_హాస్టల్

జియో 1,299 రీచార్జ్‌లో నెట్‌ఫ్లిక్స్ మొబైల్ వస్తుంది కదా, అది మేలా?

#22 బ్రాడీపేట_లెక్కలు

84 రోజులకు రోజుకు 2 జీబీ. విడిగా కొంటే నెట్‌ఫ్లిక్స్ మొబైల్ మూడు నెలలు 447. కాబట్టి 1,299లోంచి 447 తీస్తే 852 మిగులుతుంది. నెట్‌ఫ్లిక్స్ లేని 84 రోజుల 2 జీబీ ప్లాన్ 852 కంటే ఎక్కువుంటేనే ఇది లాభం, అదీ మూడు నెలలూ చూసేవాడికి. రెండు విషయాలు చూస్కో. రీచార్జ్ చేయగానే అది దానంతటదే రాదు, మైజియోలోకి వెళ్లి యాక్టివేట్ చేసి ఖాతాకి జోడించాలి. అలా జోడించేటప్పుడు ఇంట్లోవాళ్ల ఖాతా మెయిల్ ఇవ్వకు, వాళ్ల స్టాండర్డ్ ప్లాన్‌తో చిక్కు పడుద్ది. కొత్త మెయిల్‌తో కొత్త ఖాతా తెరువు. కార్డు వివరాలు అడిగితే ఇవ్వకు. గడువు అయిపోయిన రోజు దానంతటదే ఆగిపోవాలి.